కర్రీ పాయింట్‌కు ప్రధాన సంఖ్య

కర్మన్‌ఘాట్‌లో కర్రీ పాయింట్ పెడదామనుకున్నప్పుడు సాంబమూర్తికీ, ఆయన ఇంటి ఓనరు సీతారాములుకూ కూరల దగ్గర పేచీ రాలేదు. ఫోన్ నంబరు దగ్గర వచ్చింది.

సాంబమూర్తిది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పీ చెప్పీ రిటైరయ్యాడు. నల్గొండ నుంచి వచ్చిన సీతారాములు ఎల్బీనగర్‌లో లారీలు తిప్పుతాడు. ఇద్దరూ కలిసి సిమ్ కార్డుల షాపుకు వెళ్లారు.

“అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలె సార్. నా లారీలన్నిటికీ గదే,” అన్నాడు సీతారాములు.

“అలా వస్తే ఆ సంఖ్య తొమ్మిదితో భాగారం పోతుందండీ! మనది పార్ట్‌నర్‌షిప్పు. ఒకటితోనూ, తనతోనూ తప్ప దేనితోనూ పోని ప్రధాన సంఖ్య కావాలి. అప్పుడు మనల్నెవరూ విడదీయలేరు.”

ఆ మాట సీతారాములుకు నచ్చింది. “గట్లయితే మీ ఇష్టం.”

షాపులో అమ్మాయి చూపించిన నంబర్లను సాంబమూర్తి కాగితం మీద భాగించసాగాడు. మూడు, ఏడు, పదకొండు, పదమూడు... వెనక జనం విసుక్కుంటున్నారు. చివరికి ఒక నంబరు నలభై మూడుకు కూడా లొంగలేదు.

“అంకుల్, షాపు మూస్తున్నం,” అంది అమ్మాయి.

“ఇంక అనుమానం లేదు. ప్రధాన సంఖ్యే!” అని తేల్చేశాడు సాంబమూర్తి. బోర్డు మీద పెద్దగా రాయించారు.

మొదటి రోజే ఫోన్ మోగింది. “ట్యాంకు నిండి పొంగుతుంది, జల్ది రాండ్రి!”

“సాంబారు ట్యాంకాండీ?”

“సాంబారేంది? సెప్టిక్ ట్యాంకు!”

ఆ నంబరు ఇదివరకు ట్యాంకులు శుభ్రం చేసేవాడిదట. పప్పు కోసం ఒక ఫోన్ వస్తే ట్యాంకు కోసం పది వస్తున్నాయి. వంట చేస్తున్న సాంబమూర్తి భార్య శేషారత్నం గరిటె కింద పెట్టేసింది.

“నంబరు మారుస్తారా, నన్ను మానేయమంటారా?”

“ప్రధాన సంఖ్య దొరకడం అంత తేలికనుకున్నావా?”

సీతారాములు మాత్రం అడ్రసులు అడిగి, అబ్దుల్లాపూర్‌మెట్‌లో సెప్టిక్ ట్యాంకరున్న తన బామ్మర్ది మట్టయ్యకు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆదివారం సాంబమూర్తి కూతురు సింధూర ఆ నంబరును ఫోన్‌లోని కాలిక్యులేటర్‌లో కొట్టి చూసింది. “నాన్నా, ఇది నలభై ఏడుతో పోతుంది.”

ఆయన నమ్మలేదు. స్వయంగా భాగించాడు. శేషం సున్నా. మళ్లీ భాగించాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఎన్ని ట్యాంకులు పొంగినా చలించని మనిషి నీరుకారిపోయాడు.

“రత్నం, రేపే మార్చేద్దాం.”

“మార్చుండ్రి గానీ, పాతది పడేయకుండ్రి. మట్టయ్యకిద్దాం. వానికి గిరాకీ మస్తుగుంది,” అన్నాడు సీతారాములు.

మట్టయ్య వచ్చి చెయ్యి చాచాడు. సాంబమూర్తి సిమ్ము వెంటనే ఇవ్వలేకపోయాడు.

“ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననుకోవద్దు. ఇది ప్రధాన సంఖ్య కాదు. నలభై ఏడుతో పోతుంది.”

మట్టయ్య భయపడ్డాడు. “దాంతోని మోటరుకేమన్న అయితదా సార్?”

“మోటారుకేం కాదు.”

“అయితే ఇయ్యుండ్రి,” అని సిమ్ము జేబులో వేసుకుని, బెండకాయ వేపుడు రెండు ప్యాకెట్లు కట్టించుకుని వెళ్లాడు.