కిడ్నీలో కల్లు

నా మొగుడు జయరావు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే మా ఊరు పాకాలలో రైలెక్కించి కాట్పాడి పక్కన ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. అరవం నాకూ రాదు, ఆయనకూ రాదు. డాక్టరు స్కానింగు ఫోటో మీద వేలు పెట్టి చెప్పాడు.

"కిడ్నీలె కల్లు ఇరుక్కు."

కల్లు ఇరుక్కుందట!

మూడేళ్ల కిందట ఈ మనిషి కల్లుతో వేగలేక తిరుపతిలో పుట్టింటికి వెళ్లిపోయాను. ఇంక చుక్క ముట్టనని చర్చిలో బైబిలు మీద ప్రమాణం చేస్తేనే తిరిగొచ్చాను. మరి ఇది ఎప్పటి కల్లు? అప్పటిదైతే ఇన్నాళ్లు లోపల ఉంటుందా?

వరండాలోకి రాగానే నిలదీశాను. "ఏమయ్యా, ఆ కల్లు యాడ్నుంచి వచ్చింది?"

ఆయన బిత్తరపోయాడు. "నాకూ అర్థం కాలేదు మే. ఫోటోలో అది గూడా పడతాదా?"

"పడింది కదా! ఎప్పుడు తాగినావు?"

ఆయన తల దించుకున్నాడు. "ఒక్కసారే. పోయిన ఎండాకాలం మామిడికాయల లోడు దించేసి వస్తా వస్తా, పూతలపట్టులో. అది ఇన్నాళ్లు ఆడ్నే నిలిచిపోతాదని నాకేం తెలుసు?" అని ఏడ్చేశాడు.

మా తెలుగు విని నర్సు అమల వచ్చింది. పలమనేరు పిల్ల.

"ఏంటికన్నా ఏడుస్తావు? రాయి చిన్నదే, పడిపోతాది."

"ఏం రాయి?" అన్నాను.

"అరవంలో కల్లంటే రాయక్కా. కన్నడంలోనూ అంతే. ఈడ తాగేదాన్ని కళ్లంటారు."

"కళ్లు మొహాన కదా ఉండేది?"

"అది మనకు," అని నవ్వింది.

ఆయన మాత్రం అమలనే చూస్తున్నాడు. "అయితే నేను తాగిండేది దాంట్లో కనపళ్లేదా?"

"లేదన్నా."

మందులు తీసుకుని తిరుగు రైలెక్కాం. రైల్లో నాకు ఒకటే తికమక. తాగినందుకు తిట్టాలా, అడగ్గానే నిజం చెప్పినందుకు ఊరుకోవాలా? డాక్టరు మాట అర్థమై ఉంటే ఆయన చెప్పేవాడా? అసలు నాకే అర్థమై ఉంటే అడిగేదాన్నా?

పాకాల వచ్చింది. ఆయన దిగి నా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రైలు తిరుపతికే, మా పుట్టింటి ఊరికే పోతుంది.

"దిగవా మే?" అన్నాడు.

నా కోపం చల్లారలేదు. బండి కదలబోతుండగా సీసా పట్టుకుని దిగాను.

"బాగా తాగమన్నారు," అని సీసా ఆయన చేతిలో పెట్టాను. "నీళ్లు."