ఓకే అన్న గొంతు

“మా శ్రవణ్‌కు ఒక్క అర్ధగంట కుర్సీ ఇస్తే నీ సొమ్మేం పోతది బిడ్డా? వాళ్లు అస్తరు, పిల్లను చూస్తరు, చాయ్ తాగి పోతరు. గంతే గదా!”

వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ అత్త సత్యవ్వ అన్న మాట ఇది. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర. స్వరూప ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవితో ఈ మాట విని, ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే ఆ ఇంట్లో.

కుర్సీ అంటే ముందుగదిలో కిటికీ పక్కనున్నది. కోరుట్లలో వాళ్ల వాడకు సిగ్నల్ సరిగ్గా అందేది ఆ కిటికీ దగ్గరే. కరోనా వచ్చి హైదరాబాద్ ఆఫీసు మూతపడ్డప్పటి నుంచి స్వరూప అక్కడే కూర్చుని పని చేస్తోంది. ఆ ఎండాకాలమే దుబాయ్‌లో స్టోర్ కీపర్‌గా ఉన్న మొగుడు శ్రవణ్, ఉద్యోగం పోయి, పదేళ్ల బతుకును రెండు పెట్టెల్లో సర్దుకుని ఇంటికొచ్చాడు. వాడలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మగవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. కొందరు ఉపాధి పనికి పోతున్నారు, కొందరు సిరిసిల్లకు పోయి సాంచెల మీద నేత పని అడుగుతున్నారు. శ్రవణ్ మాత్రం గడప దాటలేదు. కిటికీలోంచి కంప్యూటర్ చూసి ఇరుగుపొరుగు అడిగితే సత్యవ్వ చెప్పిన జవాబు వాడంతా పాకింది.

“మా శ్రవణ్ దుబాయ్ కంపిని పని ఇంట్లకెల్లే చేస్తుండు. కోడలు ఇంత సాయం చేస్తది.”

ఆ సంగతి తెలిసిన రోజు స్వరూపకు ఒళ్లు మండిపోయింది. మొగుణ్ని నిలదీస్తే, “మా అమ్మ ఏదో అన్నది తీయ్. నీ జీతం నీకు అస్తనే ఉన్నది గదా, పేరుదేమున్నది?” అన్నాడు. జీతంతో ఇల్లు నడుస్తుంది, పేరుతో ఆయన పరువు నడుస్తుంది. రెండూ ఆమెవే, ఆమెకు మిగిలింది వంటిల్లు. పొద్దున ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి, వంట చేసి, ఎనిమిదింటికి కంప్యూటర్ ముందుకొస్తే, “ఇగ కూసున్నది” అంటారు. కూర్చోవడమే అందరి కళ్లకూ కనబడుతుంది.

ఇంతకీ ఆమె పని ఏమిటంటే, గల్ఫ్‌లో ఒక బ్యాంకుకు ముప్పై ఏళ్లనాటి పెద్ద కంప్యూటర్ ఉంది. మెయిన్‌ఫ్రేమ్ అంటారు. అక్కడి కూలీలు ఇళ్లకు పంపే డబ్బంతా దానిలోంచే రావాలి. పోయిన నెల దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చారు. ఇప్పుడు పాత ప్రోగ్రాములను కదిలించకుండా వాటికి వెబ్ సర్వీసు అనే కొత్త దారి వేస్తున్నారు. మనిషి కౌంటర్ ముందు వరుసలో నిలబడే బాధ లేకుండా ఫోన్‌లోంచే డబ్బు పంపుకోవచ్చు. పాత ప్రోగ్రాములు రాసినవాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు. ఎప్పుడో జగిత్యాల డిగ్రీ కాలేజీలో, పాతబడిన చదువని అందరూ వదిలేసిన కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషను స్వరూప పట్టుదలగా నేర్చుకుంది. అందుకే టీములో మిగతా పదకొండు మందికీ అంతుపట్టని ఆ రాతను చదివి చెప్పేది ఆమె ఒక్కతే.

అలా చదువుతుంటేనే ఒక చిన్న పట్టిక కంటబడింది. మన దగ్గర బ్యాంకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినప్పుడల్లా బ్రాంచీల కోడ్‌లు మారాయి. గల్ఫ్‌లో కొడుకున్న రాయికల్ తల్లికి అదేం తెలుసు? పాత పాసుబుక్కు చూసి పాత కోడే కొడుక్కు చెబుతుంది. దాన్ని చప్పుడు లేకుండా కొత్త కోడ్‌గా మార్చి డబ్బు చేర్చేది ఆ పట్టికే. కొత్త దారికి దాన్ని కలపడం మరిచిపోయారు. అలాగే వదిలేస్తే పాత కోడ్‌తో పంపిన డబ్బు మధ్యలోనే ఆగిపోతుంది.

“పట్టిక కలిపి, మొదటి విడత మంచిగ పోయిందని చూసేదాక పాత దారి మూయొద్దు సర్,” అని సోమవారం చెప్పింది. “నువ్వు ఉత్తగనే భయపడతవ్ స్వరూపా,” అన్నాడు మేనేజర్ రామస్వామి. మంగళవారం అదే మాట రాసి పంపింది. రుజువు అడిగారు. బుధవారం రుజువు చూపించింది. అది నిజమేనా అని టీములో కోబాల్ రాని ఇద్దరు మగపిల్లలతో పరీక్ష చేయించారు. గురువారం సాయంత్రానికి రామస్వామి దిగివచ్చి, “సరే తల్లీ, నువ్వు ఓకే అన్నంకనే మూస్తం,” అన్నాడు. ఆగండి అన్న ఒక్క మాట చెల్లడానికి నాలుగు రోజులు పట్టింది.

గల్ఫ్‌లో సెలవని శుక్రవారం పొద్దున మార్పు మొదలుపెట్టారు. పదకొండింటికి తంగళ్ళపల్లి నుంచి దుర్గయ్య, ఆయన భార్య, కొడుకు వచ్చారు, ఆడబిడ్డ రేణుకను చూడటానికి. శ్రవణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ పక్కన నిలబడ్డాడు. పట్టిక కలపడం ఇంకా సగంలోనే ఉంది, టీము ఆన్‌లైన్ మీటింగు నడుస్తూనే ఉంది. స్వరూప హెడ్‌ఫోన్ తీసి చేతికిచ్చింది. “మైకు బందు పెట్టిన. ఏదీ ముట్టకు. ఎవలన్న నన్ను పిలిస్తే జల్ది కేకెయ్,” అని చెప్పి వంటింట్లోకి పోయింది.

చాయ్ పొంగుతుండగా పెళ్లికొడుకు మాట వినిపించింది. “ఏంది బావా, మీటింగుల ఏం మాట్లాడుతలేవు?” వెంటనే శ్రవణ్ గొంతు, కొంచెం పెద్దగానే, “ఓకే సార్. ఓకే, ఓకే.”

స్వరూప గిన్నె అలాగే వదిలేసి ఉరికింది. తెర మీద మైకు తెరిచి ఉంది, పాత దారి మూసినట్టు గీత పడి ఉంది. “లే,” అంది. అతను లేచాడు. చుట్టాలున్నారని కూడా చూడకుండా ఆమె కూర్చుంది. కొత్త దారిలో డబ్బు వరసగా ఆగిపోతోంది. పాత దారి మళ్లీ తెరిచి, పట్టిక కలిపి, ఆగినవన్నీ కదిలించేసరికి గంటన్నర పట్టింది. ఎవరి డబ్బూ పోలేదు. మధ్యలో దుర్గయ్య భార్య మెల్లగా, “పని నువ్వు చేస్తవా బిడ్డా?” అని అడిగితే, “సాయం చేస్తది,” అంది సత్యవ్వ, అప్పుడు కూడా.

మధ్యాహ్నం రామస్వామి ఫోన్. “బ్యాంకోళ్లు రిపోర్టు అడుగుతున్నరు. నువ్వే పొరపాటున ఓకే అన్నవని రాసెయ్. ఒక వార్నింగ్ లెటర్ అస్తది, గంతే. లేకుంటే టీమంత ఇరుక్కుంటది.”

గంతే కాదని ఆమెకు తెలుసు. పోయిన నెల కంపెనీ తీసేసిన నలుగురూ వార్నింగ్ లెటర్ ఉన్నవాళ్లే. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క జీతమే.

“నా పేరు రాయకు స్వరూపా. ఊళ్లె ఇజ్జత్ పోతది, రేణుక సంబంధం పోతది,” అన్నాడు శ్రవణ్, ఆమె ముఖం చూడకుండా.

“నీకైతే ఇంకో కొలువు దొరుకుతది. వానికి ఇజ్జత్ యాడ దొరుకుతది?” అంది సత్యవ్వ.

స్వరూప మీటింగు రికార్డింగు పెట్టుకుని వింది. “పాత దారి మూస్తున్నం. స్వరూపా, ఓకేనా?” అని రామస్వామి. “ఓకే సార్,” అని శ్రవణ్. మరుక్షణమే, “సరే, మూసెయ్యుండ్రి.” మళ్లీ వింది. శ్రవణ్ మీద కోపం ఉంది, లేకేం. కానీ పదేళ్లు ఫోర్‌మన్ ఏమన్నా, అర్థమైనా కాకపోయినా, అతను అన్న మాట అదే. అక్కడ ఆ మాట అనకపోతే తిండి లేదు. ఆమె గుండెలో భగ్గుమన్నది అతని మీద కాదు. ఆ పదకొండు మంది నాలుగేళ్లుగా రోజూ ఆమె గొంతు వింటున్నారు. దగ్గితే కూడా గుర్తుపడతారు. స్వరూపా అని పిలిస్తే మగమనిషి పలికాడు, ఎవరికీ తేడా అనిపించలేదు. కాదు, అనిపించింది. అనిపించి, హాయిగా ఉండి ఉంటుంది. వారమంతా అడ్డం పడ్డ ఆడదాని నోట్లోంచి కాకుండా, ఇంటాయన నోట్లోంచి మాట వచ్చింది మరి!

సత్యవ్వ గుమ్మంలో, శ్రవణ్ గోడకు ఆనుకుని చూస్తుండగా ఆమె రిపోర్టు రాసింది. రామస్వామికే కాక ఆయన పైవాళ్లకు, బ్యాంకు వాళ్లకు కూడా పంపింది. పంపాక, దాచుకోవడానికేమీ లేదన్నట్టు, తెలుగులో గట్టిగా చదివి వాళ్లిద్దరికీ వినిపించింది.

“కుర్చీ వదిలి లేవడం నా తప్పు. దానికి ఏ శిక్షకైనా సిద్ధం. ఓకే అన్నది మాత్రం నేను కాదు. నేను అప్పుడు వంటింట్లో చుట్టాలకు చాయ్ పెడుతున్నాను. నా కుర్చీలో ఉన్నది నా భర్త శ్రవణ్. ఆయన ఈ కంపెనీ ఉద్యోగి కాదు, ప్రస్తుతం ఏ ఉద్యోగమూ లేదు. రికార్డింగు జతచేశాను. నేను ఆగమంటే నాలుగు రోజులు రుజువులు అడిగారు. ఒక మగ గొంతు ఓకే అంటే, అది ఎవరిదని పదకొండు మందిలో ఒక్కరూ అడగలేదు.”