ఎదుటి గుర్రం

ఆస్పత్రి వార్డులో గోడవారనున్న మంచం దగ్గర తమ్ముడు చొక్కా లోపల్నుంచి కవరు తీసి అక్క ఒళ్ళో పెట్టాడు. వాడు గుర్రప్పందేల కౌంటర్లో గుమాస్తా. మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నది ఆమె భర్త. జాకీ. నిన్న పందెంలో మలుపు దగ్గర గుర్రం మీంచి పడి కుడి ముంజేయి రెండుచోట్ల విరగ్గొట్టుకున్నాడు. సాయంత్రంలోగా డబ్బు కడితే ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తారు. లేదంటే ఉత్త కట్టే. ఇక ఆ చేత్తో కళ్ళెం పట్టే మాట మరిచిపోవాల్సిందే.

"సరిపోతుందిలే అక్కా. ఏనాడూ ఇంత పెట్టినదానివి కాదు. నిన్న నీకేమన్నా పూనకం వచ్చిందా అనుకున్నా."

"మెల్లగా మాట్లాడరా."

"బావ మత్తులో ఉన్నాడుగా."

"లేను," అన్నాడు బావ, కళ్ళు తెరవకుండానే.

తమ్ముడు గబుక్కున లేచాడు. టీ తెస్తానంటూ జారుకున్నాడు.

"దేనిమీద పెట్టావు?"

"ఎదుటి గుర్రం మీద," అంది ఆమె. ఇక దాచి లాభం లేదు.

రెండేళ్ళుగా అదే పని. ఆయన ఎక్కిన ప్రతిసారీ, ఎక్కినందుకు వచ్చే కూలిలో పదోవంతు తీసి, అందరూ గెలుస్తుందనే వేరే గుర్రం మీద తమ్ముడి చేత పెట్టించేది. ఆయన గెలిస్తే బహుమతిలో వాటా వస్తుంది, ఆ పదోవంతు పోతే పోయింది. ఓడితే ఎంతోకొంత చేతికందుతుంది. నిన్నటిదాకా పదోవంతు దాటి ఏనాడూ పెట్టలేదు.

ఆయన నవ్వాడు. నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టాయి.

"జాకీ ఇంట్లోవాళ్ళు పందెం కాశారని క్లబ్బువాళ్ళకి తెలిస్తే నా లైసెన్సు గోవిందా. సరే, ఇంతకీ లాభమేనా?"

"వచ్చిన రోజులే లెక్కేస్తే చాలా లాభం. పోయిన రోజులు కూడా తీసేస్తే, నిన్నటిది కాక, రెండేళ్ళకి ఒక నెల అద్దె మిగిలింది. అంతే."

"నేను రాత్రంతా కూర్చుని కూడినా ఇంత నిజం లెక్క తేల్చలేను. గట్టిదానివే." ఆ మాటలో మెచ్చుకోలే ఉంది. ఆమెకు కాస్త ఊపిరాడింది.

"మరి నిన్నెంత పెట్టావు?"

ఆమె కవరు అంచు మడత పెట్టింది.

"అద్దె డబ్బు మొత్తం."

ఆయన కళ్ళు తెరిచి ఆమెకేసి చూశాడు. నిన్నటి పందెం రెండు గుర్రాల మధ్యే అని ఊరంతా అనుకున్నది. ఒకటి ఆయన ఎక్కింది. రెండోది ఆమె డబ్బు పెట్టింది.

"అంత ధైర్యం ఎలా వచ్చింది?"

"బరువు తగ్గాలని రెండు రోజులు ఏమీ తినలేదు మీరు. పొద్దున చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయారు. వేళ్ళు వణుకుతున్నాయి. మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నారు. గెలవరని తెలిసిపోయింది. పడతారని మాత్రం అనుకోలేదు. నిజం."

"చూశావన్నమాట."

"చూశాను."

"చూసి, తమ్ముడికి కబురు పెట్టావు."

పక్క మంచం ముసలాయన దగ్గుతున్నాడు.

"వద్దంటే వినేవారా మీరు?" అంది చివరికి. ఎప్పుడు విన్నారు గనక అని కూడా అనబోయి, ఆయన మొహం చూసి మింగేసింది.

ఆయన కసురుకున్నా బాగుండేది. నిజంగానే ఆలోచించాడు.

"నిన్న వినేవాణ్ణి. ఒక్క మాటంటావేమోనని గుమ్మంలో నిలబడ్డాను కూడా."

నిలబడ్డాడు. ఆమెకు గుర్తుంది. ఎంత పెట్టాలా అని ఆమె లోపల లెక్క కట్టుకుంటున్న సమయమది.

నర్సు అట్టకి బిగించిన కాగితంతో వచ్చింది. "మత్తిచ్చాక ఏదన్నా అయితే మా పూచీ లేదని ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టాలి. భార్యవేగా? ఇక్కడ పెట్టమ్మా."

ఆమె కలం కోసం చెయ్యి చాపింది.

"నేను పెడతాను," అన్నాడు ఆయన.

"కుడిచెయ్యి విరిగింది కదండీ! ఆవిడ ఇక్కడే ఉందిగా."

"ఎడమది ఉంది. ఇటివ్వండి."

నర్సు ఇద్దరి మొహాలూ చూసి అట్ట ఆయన పొట్టమీద ఆనించి పట్టుకుంది. పేరులోని అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే, పళ్ళ బిగువున చివరిదాకా రాశాడు.

"మరి ఆవిడ?" అంది నర్సు.

"డబ్బు కడుతుంది."

ఆమె కవరు తీసుకుని లేచింది. డబ్బు కట్టే కిటికీ ఎటని అడిగితే నర్సు చెప్పింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.