జెలిగ్ పట్టిన రఫ్ఫు

చిరుగు కనబడితే చాలు, జెలిగ్‌కి చిరునవ్వొచ్చేది. న్యూయార్క్ ముప్ఫయ్యారో వీధి గౌన్ల కార్ఖానాలో రఫ్ఫు పని అతనిది. చేతిలో ఎన్ని కుట్లున్నా నోటికి ఒక్కటీ లేదు.

"మనది ష్మాటె వ్యాపారం!" అని ఇస్త్రీ ఆవిరిలోంచి అరిచేవాడు. "పోలండువాళ్లకి అది నేల తుడిచే గుడ్డ. మన యూదుల యిద్దిష్ భాషలోకొచ్చి పాత గౌనైంది. ఓడ దిగేసరికి ఏకంగా వ్యాపారమైపోయి, ఐదో అవెన్యూ ఖరీదైన దుకాణాల అద్దాల్లో నిలబడింది. మనందరం వలసొచ్చాం, బాగుపడింది మాత్రం అదొక్కటే!"

అందరూ నవ్వేవాళ్లు, గుండీలు కుట్టే బ్రైనా తప్ప. రెండో ప్రపంచయుద్ధం ముగిసి రెండేళ్లయినా, పోలండులోని లోమ్జెలో ఉన్న తల్లి కబురు ఆమెకి అందలేదు.

ఒక సోమవారం బ్రైనా పనిబట్టలు తొడుక్కుని, తన బూడిదరంగు గౌను మేకుకి తగిలించింది. దాని ఎదమీద బెత్తెడు చిరుగు. జెలిగ్ గుడ్డ చూశాడు, నేత చూశాడు. చిరిగింది ఎడమవైపని మాత్రం చూడలేదు. భోజనాల వేళ రొట్టె పక్కనపెట్టి, అంచులోంచి దారాలు లాగి, పోగుకి పోగు కలిపేశాడు.

సాయంత్రం బ్రైనా గౌను తీసి తడుముకుంది. మళ్లీ తడుముకుంది.

"ఎలా ఉందమ్మా నీ ష్మాటె? పెళ్లికూతురి గౌనులా లేదూ!"

"అమ్మ కోసం చింపుకున్నానండీ." బ్రైనా గౌను ఎదకి హత్తుకుంది. "శనివారం పొద్దుపోయాక ఆవిడ పోయిందని ఉత్తరమొచ్చింది. తల్లి పోతే మనవాళ్లు గుండెవైపు చింపుకున్నది ఎన్నటికీ రఫ్ఫు చెయ్యకూడదని మీకు తెలీదా?"

జెలిగ్‌కి తెలుసు. తండ్రి పోయినప్పుడు తను చింపుకున్న చొక్కా ఇంట్లో అలాగే ఉంది.

"ష్మాటె అంటే మీకు నవ్వులాట. మా అమ్మ మోకాళ్లమీద కూర్చుని దాంతో ఊరివాళ్ల ఇళ్లు తుడిచేది. ఆవిడకి సమాధి కూడా లేదు. నాకు మిగిలింది ఆ చిరుగొక్కటే."

"విప్పేస్తానమ్మా. ఇప్పుడే విప్పేస్తాను."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టాడు. తిరగేశాడు. సూదిమొనతో పోగులు లెక్కపెట్టాడు.

"ఇక్కడేననుకుంటా."

"కాదు, ఇంకాస్త పైన," అంది బ్రైనా. ఆమె వేలు కూడా అక్కడ ఆగలేదు, జారిపోయింది.

రఫ్ఫు చేసిన చోటు ఇద్దరికీ దొరకలేదు. జెలిగ్ కత్తెర తీశాడు. "పోనీ, పక్కన చింపనా?"

"మా అమ్మ ఇంకోసారి చచ్చిపోలేదు కదండీ."

గౌను అతని చేతుల్లోనే వదిలేసి, పనిబట్టల మీదే మెట్లు దిగి వెళ్లిపోయింది.