మిల్ట్రీ బండి తాగిన నీళ్లు

గట్టు ఊరు దాటి గద్వాల వైపు కొంచెం దూరం వచ్చిందో లేదో, మిల్ట్రీ లారీ ఖళ్లుఖళ్లున దగ్గి ఆగిపోయింది. దారికి అటూ ఇటూ ఎర్రటి గరుసు నేల, నల్లటి గుండ్లు. వరుసగా మూడో ఏడు కూడా వానలు ఎగ్గొట్టడంతో ఆ వైపు మేతకు గొర్రెలను తోలుకొచ్చే వాడు కూడా లేడు.

"ఏంది బిడ్డా, ఎందుకాపినవ్?" అని జమ్ములమ్మ లారీ వెనక నుంచి కేకేసింది.

"నేనేడ ఆపిన అవ్వా? అదే ఆగింది," అంటూ డ్రైవర్ మల్లేశ్ దిగి బానెట్ ఎత్తాడు.

జమ్ములమ్మ ఒళ్లో ఆమె కూతురు యాదమ్మ తల ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. కాన్పు సులువుగానే అయింది, మగపిల్లవాడు. పురుడు కాకముందే జ్వరం పట్టుకుంది. ఊళ్లో సూది వేసే ఆయన వేయాల్సినన్ని సూదులు వేసి, చివరికి చేతులు దులుపుకుని గద్వాల దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. అల్లుడు ఎక్కడో కాలువ పనికి పోయి ఉన్నాడు. పసివాణ్ని పాలిచ్చే పెద్దకోడలి చేతిలో పెట్టి, రాళ్ల లోడుకొచ్చిన లారీ దొరికితే అదే భాగ్యమని జమ్ములమ్మ కూతుర్ని ఎక్కించుకుంది. రాళ్లు దింపించి మరీ బయలుదేరదీసింది.

ఆ లారీ సంగతి చెప్పుకోవాలి. మిల్ట్రీ వాళ్లు పాతబడిందని వేలం వేస్తే చేతులు మారి మారి రాళ్ల కాంట్రాక్టరు దగ్గరికి చేరింది. ఆకుపచ్చ రంగు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది. మంచు కొండల్లో యుద్ధం చూసొచ్చిన బండి అని మల్లేశ్ అందరికీ చెప్పుకునేవాడు. చూసిందో లేదో గాని, పాలమూరు వైశాఖం ముందు మాత్రం చేతులెత్తేసింది.

మల్లేశ్ పెట్రోలు పైపు వదులు చేసి చూశాడు. బుస్సుమని గాలి తప్ప చుక్క రాలేదు.

"వేడికి పెట్రోలు పైపులనే ఆవిరైతుంది అవ్వా. ఇంజన్‌కు అందుతలేదు. పొద్దు వాలెదాంక ఆగుదాం. సల్లబడితే దానంతటదే వస్తది."

"పొద్దు వాలెదాంక నా బిడ్డ ఉంటదా?" అని జమ్ములమ్మ గయ్యిమంది. "ఇంకోటి ఏమన్న ఉంటే చెప్పు."

"తడిగుడ్డ వేస్తే కొంత దూరం పోతది. మళ్లా ఆగుతది. మళ్లా వెయ్యాలె. నీళ్లు ఉన్నయా?"

ఉన్నాయి. దారిలో బండికి కావాలని మల్లేశ్ చెప్పడంతో జమ్ములమ్మ నిండు బిందె తెచ్చింది. ఊరి బోరు దగ్గర కొట్లాడి తెచ్చిన నీళ్లవి. ఆమె చెంబుతో ముంచి ఇస్తే మల్లేశ్ గోనెగుడ్డను తడిపి పెట్రోలు పంపుకు చుట్టాడు, మిగిలింది రేడియేటర్లో పోశాడు. బండి కదిలింది. ఒక వాగు దాటి, దిబ్బ ఎక్కి, మళ్లీ ఆగింది. మళ్లీ గుడ్డ, మళ్లీ చెంబు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, ఆ దిబ్బ దిగాక మూడోసారి ఆగింది.

లారీ రేకులు పెనంలా కాలుతున్నాయి. యాదమ్మను అందులో ఉంచలేక ఇద్దరూ కలిసి దింపారు. నడినెత్తి మీది ఎండకు లారీ కింద తప్ప నీడ లేదు. అక్కడే బొంత పరిచి పడుకోబెట్టారు.

"అమ్మా, నీళ్లు," అంది యాదమ్మ. పొద్దుటి నుంచి ఆ మాట ఎన్నోసారో.

"తాగొద్దు బిడ్డా. జర ఓర్సుకో. దవాఖాన వస్తది."

మల్లేశ్ ఆగలేకపోయాడు. "ఒక గుక్కెడు ఇయ్యరాదా అవ్వా? పెదవులు పలిగినయి."

"పచ్చి బాలెంతకు పచ్చినీళ్లు పోస్తరా? సన్నిపాతం కొడ్తది! మగోనివి, నీకేం తెలుసు?"

అది మొండితనం కాదు, భయం. జమ్ములమ్మ చెల్లెలు ఈదమ్మ బాలింతగా ఉన్నప్పుడు దప్పికకు ఓర్వలేక, ఎవరూ చూడకుండా కుండలో నీళ్లు కడుపు నిండా తాగింది. రెండు రోజులకు కళ్లు తేలేసి పోయింది. ఆ నీళ్లే చంపాయని ఊరంతా అంది. ఆ తర్వాత తన కాన్పులన్నిటికీ జమ్ములమ్మ మిరియాల కారం, పిడికెడు అన్నం, పొద్దుకు ఒక ముంతెడు కాచిన నీళ్లు, అంతే. బతికి బట్టకట్టింది. యాదమ్మకూ అదే పత్యం. జ్వరం వచ్చాక భయం పెరిగి ఆ ముంతను కూడా సగం చేసింది.

కాబట్టి బిందెలో నీళ్లన్నీ బండివే. జమ్ములమ్మ తానే చెంబు పట్టి పంపు మీద ధారగా పోయసాగింది. "తాగు తల్లీ, తాగు, కడుపు నిండ తాగి నా బిడ్డను చేర్చు," అని ఆ ఇనుమును బతిమాలింది. మల్లేశ్ బండి తాళం తిప్పి తిప్పి చూశాడు. గుర్రుమనడం తప్ప లేవలేదు. బిందె అడుగు కనిపిస్తోంది.

చెంబు మరోసారి వంచినప్పుడు కింద నుంచి ఏదో చప్పుడు వినిపించింది. గుటక వేసిన చప్పుడు.

జమ్ములమ్మ వంగి చూసింది. యాదమ్మ బొంత మీద లేదు. గరుసులో దేక్కుంటూ ఇంజన్ కిందికి వచ్చింది. వెల్లకిలా పడుకుని నోరు తెరిచి ఉంది. పంపు మీద పోసిన నీళ్లు మడ్డినూనె కలిసి నల్లగా బొట్లు బొట్లుగా ఆ నోట్లో పడుతున్నాయి. నాలుక నల్లబడిపోయింది. పక్కకు పడిన బొట్టు కోసం పిల్ల మెడ సాచింది.

జమ్ములమ్మకు గుండె చెరువైంది. తను ఇన్నేళ్లూ నమ్మిన మాట తప్పని ఆమెకు అప్పుడు తోచలేదు. ఇదీ చచ్చిపోతుందనే అనుకుంది. కానీ పోతే పోనీ, దప్పికతో మాత్రం పోవద్దు అనుకుంది. లారీ కిందికి దూరి, కొంగుతో కూతురి నోరు తుడిచి, చెంబు పెదవులకు ఆనించింది.

"అవ్వా, ఇగ బండికి లేవు," అన్నాడు మల్లేశ్.

"నీ బండి మన్నుగాను!"

యాదమ్మ గటగటా తాగింది. బిందెలో మిగిలిందీ తాగింది. తాగి తల్లి చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. జమ్ములమ్మ ఆ లారీ కిందే కూర్చుని సన్నిపాతం కోసం ఎదురుచూసింది. కూతురు ఒత్తిగిలితే వచ్చిందనుకుంది, పలవరిస్తే వచ్చిందనుకుంది. తనకు పేరిచ్చిన దేవత జమ్ములమ్మ తల్లికి మొక్కింది, ఊరి దేవతలందరికీ మొక్కింది, చచ్చిపోయిన చెల్లెల్ని కూడా వేడుకుంది. మల్లేశ్ నీళ్ల కోసం పోయి దూరంగా ఉన్న బావిలో తొంగిచూసి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. దారిన ఒక్క బండీ రాలేదు.

పొద్దు వాలింది. కృష్ణా నది మీది నుంచి గాలి మళ్లింది. చల్లబడిందని మల్లేశ్ ఒకసారి బండి తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. మళ్లీ ఎక్కడా ఆగలేదు.

దీపాలు పెట్టే వేళకు దవాఖాన చేరారు. సిస్టర్ విజయమ్మ యాదమ్మ చేతి చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపి చూసింది. లేచిన ముడత లేచినట్టే నిలబడింది.

"జ్వరానికి మందుంది, నయమైతది. కానీ ఒంట్ల నీళ్లే లేవు, ఎండిపోయి ఉంది. ఇంకొంచెం అయితే దక్కకపోయేది," అంటూ సెలైన్ సీసా తగిలించింది. వెనక్కి తిరిగి జమ్ములమ్మను చూసింది. "బాలెంతని నీళ్లు బందు పెట్టినరా? ఎవరు పెట్టినరు?"

జమ్ములమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"మా అమ్మ ఇచ్చింది సిస్టరమ్మా," అని మంచం మీది నుంచి సన్నగా వినిపించింది. "బతిలాడింది. నేనే తాగలే."

"బుద్ధి ఉందా నీకు? పసిపిల్లగాణ్ని పెట్టుకొని గింత మొండితనమా? తల్లి బతిలాడితే కూడా తాగవా?" సిస్టర్ సూది గుచ్చుతున్నంత సేపూ యాదమ్మను తిడుతూనే ఉంది. యాదమ్మ తల ఊపుతూ అన్నీ పడింది. జమ్ములమ్మ ఆ పక్కనే నిలబడి అవన్నీ విన్నది, కాదని ఒక్క మాట చెప్పలేకపోయింది.