కన్ను లేని పిట్ట

బోర్డులు రాసే పెయింటరుకు రెండు జబ్బులు. ఒకటి షుగరు. రెండోది, వంకరగా ఉన్నది ఏది కనబడినా సరిదిద్దకుండా ఉండలేకపోవడం. మొదటిదానికైతే మందులున్నాయి.

షుగరు వల్ల కాలి బొటనవేలి కింద పడిన పుండు నెలల తరబడి మానలేదు. డాక్టరమ్మ సముద్రపు నాచుతో తయారైన కొత్తరకం పట్టీ వేయించింది. అది పుండులోని చెమ్మ పీల్చుకుని జిగురుగా మారుతుందని, ఆ జిగురు కిందే కొత్త కండ పడుతుందని, చెప్పిన రోజు దాకా కదపొద్దని నర్సు మరీ మరీ చెప్పింది.

మన పెయింటరు వింటేనా? లోపల ఏం జరుగుతోందో చూడకపోతే ఆయనకు ముద్ద దిగదు. అంచు లేపి చూసి, జిగురును చీము అనుకుని, శుభ్రంగా తుడిచేశాడు. పుండు మొదటికొచ్చింది. ఇంట్లో అడిగితే పట్టీ జోలికే పోలేదని బుకాయించాడు.

భార్య నమ్మలేదు. కొత్త పట్టీ వేయించాక, పట్టీ మీద సగం, చర్మం మీద సగం వచ్చేలా పెన్నుతో ఒక పిట్టను గీసింది. వంకర ముక్కు పెట్టింది. కన్ను పెట్టలేదు.

పెయింటరు మళ్ళీ తెరిచాడు. తిరిగి అతికిస్తే పిట్ట రెండు ముక్కలైంది. ఆయన చేతికి అదొక లెక్కా? తుడిచేసి అచ్చం అలాగే గీశాడు. గీసి, ప్రాణం ఊరుకోక, చక్కటి కన్ను పెట్టాడు.

మర్నాడు ఆవిడ కాలి వంక చూసి, "నా పిట్టకు కన్నెవరు పెట్టారండీ?" అంది.

డాక్టరమ్మ ఈసారి మొహమాటపడలేదు. ఇంకోసారి తెరిస్తే వేలు తీసెయ్యడమేనంది. నిచ్చెన మీద ఆయన బరువంతా మోసేది ఆ వేలే. పెయింటరుకు భయమేసింది.

కొత్త పట్టీ మీద భార్య మళ్ళీ గుడ్డి పిట్టనే గీసి, పెన్ను ఆయన పక్కనే పెట్టి పోయింది. ఆయన చెయ్యి ఒకటే దురద. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, చివరికి పిట్ట కనబడకుండా దుప్పటి కప్పుకున్నాడు.

చెప్పిన రోజు వచ్చింది. పిట్టకు కన్ను లేదు. పట్టీ తీస్తే పుండు నిండా ఎర్రటి లేత కండ. వేలు నిలిచిందంది డాక్టరమ్మ. నర్సు కొత్త పట్టీ వేసింది, భార్య పిట్టను గీసి పెన్ను మొగుడి చేతికిచ్చింది.

"ఈసారి కన్ను మీరే పెట్టండి."

ఎంత ఎత్తు బోర్డు మీదా గీత తప్పని చెయ్యి ఈసారి తప్పింది. కన్ను పక్కకు పోయింది. ఆయన దాన్ని దిద్దలేదు.