కొత్త కోచ్ పేరిట పూజ

కోచ్ జాన్‌బాబును తీసెయ్యాలన్న విషయంలో ఆ సాయంత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఆయన చోట ఎవరిని పెట్టాలన్నదే తగవు.

ఆ తగవు జరుగుతున్నది జాన్‌బాబు సొంత చెల్లెలి ఇంట్లో. ముందుగదిలో రోజలిన్ భర్త జాక్సన్, ఆయన స్నేహితులు కొండలరావు, కనకరత్నం కూర్చున్నారు. రోజలిన్ వంటగదిలో వంజరం చేప ముక్కలు వేయిస్తోంది. వన్ టౌన్‌లో పాతకాలపు ఇల్లు. ముందుగదిలో నిట్టూర్చినా వంటగదిలోకి వినిపిస్తుంది.

"అయిదు గోల్స్ బావా! వలలోంచి బంతి తీసీ తీసీ మన గోలీకి నడుం పట్టీసింది," అన్నాడు కొండలరావు. ఆయనది ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. మ్యాచ్ ఉన్న రోజు ఆ కొట్టు తియ్యడు.

యాంకర్స్ ఫుట్‌బాల్ క్లబ్ వన్ టౌన్ వాళ్ల ప్రాణం. ఈ ఏడు లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. కిందటి వారం గాజువాక జట్టు చేతిలో ఓడిపోయి వస్తుంటే, అవతలి వాళ్లు ఆటోలు ఆపి మరీ వీళ్లకి టాటా చెప్పారు. ఓటమి కంటే ఆ టాటా ఎక్కువ మండించింది.

"రుషికొండలో అనిరుధ్ అని కుర్రాడున్నాడు. కోచింగ్ లైసెన్సు ఉంది. మ్యాచ్ అంతా లాప్‌టాప్‌లో గీతలు గీసి చూపిస్తాడు," అన్నాడు జాక్సన్. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఏ పనికైనా లైసెన్సు ఉండాలన్నది ఆయన నమ్మకం.

"లాప్‌టాప్ అడ్డెట్టి గోల్ ఆపుతాడేటి?" అన్నాడు కొండలరావు. "మన పాత ఆటగాడు ఈరన్నని పెట్టండి."

"వీరన్న గారికి మోకాళ్లు పనిచెయ్యవు కదండీ," అన్నాడు కనకరత్నం.

"కోచ్‌కి మోకాళ్లెందుకు?"

"రిఫరీ తప్పు చేసినప్పుడు లేచి పోట్లాడాలి కదండీ. కూచుని తిడితే ఎవరు వింటారండీ?"

అందరూ నవ్వారు. కనకరత్నం గోదావరి జిల్లా మనిషి. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగానికి వచ్చి, జాక్సన్ వెంట సరదాగా ఒక్క మ్యాచ్ చూసి, ఆ రోజు నుంచి ఈ ఊరివాళ్ల కంటే పెద్ద అభిమాని అయిపోయాడు. మ్యాచ్ ముందురోజు కోడికూర కూడా మానేస్తాడు.

నవ్వు ఆగాక ఆయనే అన్నాడు. "మన డానీ ఉన్నాడు కదండీ."

వంటగదిలో అట్లకాడ ఆగిపోయింది.

డానీ రోజలిన్ కొడుకు. జట్టుకి కెప్టెన్. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. వాడికి బంతి తన్నడం నేర్పింది మేనమామ జాన్‌బాబే. అడుగులు సరిగ్గా పడని వయసులోనే వీపు మీద ఎక్కించుకుని గ్రౌండుకి తీసుకుపోయేవాడు.

రోజలిన్ అట్లకాడతోనే ముందుగదిలోకి వచ్చింది.

"ఏటండీ ఈ మాటలు? మావని తీసీసి ఆ కుర్చీలో మేనల్లుణ్ణి కూకోబెడతారా? మా అన్నయ్య మొహం ఎలాగ సూడాలి నాను?"

"అదేనే నాను సెప్పేది," అన్నాడు జాక్సన్. "బయటోణ్ణి తెచ్చి పెడితే మీ అన్నకి అవమానం. ఇంట్లో కుర్రాడైతే కుర్చీ ఇంట్లోనే ఉన్నట్టు."

"సెల్లెమ్మా, లోపల ముక్క మాడతంది," అన్నాడు కొండలరావు, ఆమె వైపు చూడకుండా.

అప్పటికప్పుడు డానీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఫ్యాక్టరీ మోతలో వాడి గొంతు అరిచినట్టు వినిపించింది. "మావ ఒప్పుకుంటే సేత్తాను నాన్నా. ముందు మావని అడగండి. మావ మాట లేకుండా నాను విజిల్ ముట్టను."

"అడుగుతాంలేరా," అని జాక్సన్ ఫోన్ పెట్టేశాడు.

"ఒప్పేసుకున్నాడు!" అన్నాడు కొండలరావు.

యాంకర్స్‌కి ఒక ఆనవాయితీ ఉంది. మొదట్లో ఆ క్లబ్ పెట్టింది చర్చి కుర్రాళ్లు. అందుకని కొత్త కోచ్ వస్తే ముందు ఆయన పేరిట చర్చిలో ఫాదర్ గారి చేత పూజ చెప్పిస్తారు. ఆ పూజకి క్లబ్‌లో ఉన్న హిందువులూ ముస్లింలూ కూడా వచ్చి వెనక వరసల్లో కూర్చుంటారు. పూజ జరగని కోచ్ మాట ఆటగాళ్లు వినరు.

"రేపు ఆదివారం పూజ అయ్యాక బావని పక్కకి పిలిచి మాట్లాడదాం," అన్నాడు జాక్సన్. "శాలువా కప్పీసి, మర్యాదగా సెప్పీద్దాం. ఆ తరవాత డానీ పేరున పూజ."

"ఆయ్, ఆ పూజ సంగతి నాకు వదిలెయ్యండి," అన్నాడు కనకరత్నం, చెప్పులు వేసుకుంటూ. వదిలేశారు. ఆ మాట మీద ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

వాళ్లు వెళ్లాక రోజలిన్ అన్నయ్యకి ఫోన్ చేసింది. చెప్పేద్దామనే చేసింది.

"రోజీ! నీకే సేద్దామనుకుంటన్నాను," అన్నాడు జాన్‌బాబు. ఆయన గొంతు హుషారుగా ఉంది. "డానీగాడికి సెప్పు. ఈసారి ఆణ్ణి ఎనక ఆడిస్తాను. డిఫెన్స్‌లో ఆడుంటే గోడే. మీ వదిన పప్పుగింజలు పేర్చి సూపించినా కూడా అర్థం అవదంటాది. నువ్వైతే అర్థం సేసుకుంటావు. కందిపప్పులు మనోళ్లు, మినుములు ఆళ్లు అనుకో..."

ఆయన చెబుతూనే ఉన్నాడు. రోజలిన్ వింటూనే ఉంది. మధ్యలో ఎక్కడా ఆమె తన మాట అడ్డం పెట్టలేకపోయింది. చివరికి "నువ్వేటి ఫోన్ సేసినావు?" అని ఆయన అడిగితే, "ఊరికేనన్నయ్యా, ఎలాగున్నావో అని," అంది.

*

చర్చిలో మగవాళ్లు ఒక పక్కా ఆడవాళ్లు ఒక పక్కా కూర్చుంటారు. రోజలిన్ పక్కన వదిన ఆరోగ్యమ్మ. నడవకి అవతల మూడో బెంచీలో జాన్‌బాబు, ఆయన పక్కనే జాక్సన్. బెంచీ మీద జాక్సన్ తొడకి ఆనుకుని ఒక సంచి ఉంది. అందులో శాలువా ఉందని రోజలిన్‌కి తెలుసు. ఆమె దృష్టి పూజ మీద లేదు. బయటికి వెళ్లగానే అన్నయ్యని వాళ్లకంటే ముందు కలవాలి. తనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో మాటలు కూడగట్టుకుంటోంది.

ప్రసంగం అయింది. విశ్వాసుల ప్రార్థనలు మొదలయ్యాయి. ఆ రోజు పూజ చెప్పించుకున్నవాళ్ల కోరికలు ఆ చర్చిలో అప్పుడే చదువుతారు. ఫాదర్ గారు ఈ మధ్యనే బదిలీ మీద వచ్చారు. ఆయనకి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు.

జ్వరంతో ఉన్న ఒకావిడ కోసం చదివారు. "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము," అన్నారు అందరూ. ఉద్యోగం కోసం చూస్తున్న ఒక అమ్మాయి కోసం చదివారు. మళ్లీ అన్నారు.

"యాంకర్స్ ఫుట్‌బాల్ క్లబ్‌కు కొత్త కోచ్‌గా వస్తున్న డానీని ప్రభువు దీవించాలని, ఇకనైనా ఆ జట్టుకు మంచిరోజులు రావాలని కనకరత్నం గారి కోరిక మేరకు ప్రార్థిద్దాం."

అలవాటుపడిన నోళ్లు కదా, ముందు వాటంతట అవే తెరుచుకున్నాయి. "ప్రభువా," అంది చర్చి అంతా. "మా ప్రార్థన" అనేసరికి సగం గొంతులు పడిపోయాయి. తలలు ఒక్కొక్కటే మూడో బెంచీ వైపు తిరిగాయి. చివరి మాట ఒక్క గొంతే పూర్తి చేసింది. ఇన్నాళ్లూ గ్రౌండులో ఈ చివరినుంచి ఆ చివరికి వినిపించిన గొంతు.

"ఆలకింపుము," అన్నాడు జాన్‌బాబు.

ఫాదర్ గారి పెదాలు కదులుతున్నాయి. తర్వాతి ప్రార్థన ఏమిటో రోజలిన్ చెవిన పడలేదు.

"ఏటన్నారు?" ఆరోగ్యమ్మ చిన్నగా అడిగింది. "మన డానీ అన్నారా?"

ఆరోగ్యమ్మ రోజలిన్ మొహంలోకి చూసింది. తర్వాత ఆమె తొడ కింద చిక్కుకున్న తన చీర చెంగును మెల్లగా లాక్కుని, ఒళ్లో పెట్టుకుంది.

ఒకరికొకరు సమాధానం చెప్పుకునే, అంటే శాంతి కోరుకునే సమయం వచ్చింది. అందరూ పక్కవాళ్ల వైపు తిరిగి చేతులు జోడిస్తున్నారు. జాన్‌బాబు జాక్సన్ వైపు తిరిగి చేతులు జోడించాడు. జాక్సన్ చేతులు సంచి మీదే ఉండిపోయాయి. జాన్‌బాబు అలా జోడించే ఉంచాడు. అవతల ఎవరో దగ్గారు. అప్పుడు జాక్సన్ చేతులు లేచాయి గానీ, తల లేవలేదు.

*

బయట చర్చి ఆవరణలో కొండలరావు కనకరత్నం మీద విరుచుకుపడ్డాడు.

"ఏటి రత్నం ఇది! ఇన్ని పూజలకి వచ్చినావు. మైకులో సదువుతారని తెల్దా?"

కనకరత్నం మొహంలో నెత్తురుచుక్క లేదు. "వెనక కూర్చుంటాను కదండీ. మీరందరూ ఏదో అంటారు, నేనూ దణ్ణం పెట్టుకుంటాను. మా ఊళ్లో అర్చన చేయిస్తే పూజారి పేరూ గోత్రం దేవుడికి చెబుతారండి. ఊరందరికీ చెబుతారా? దేవుడి దగ్గర ఒకసారి పేరు పడిపోతే జాక్సన్ గారు మళ్లీ వెనక్కి తగ్గరని... రాత్రి ఇంటికెళ్తూ చర్చి ఆఫీసులో చెప్పేశానండి. ఇంత పని అవుతుందనుకోలేదండి." ఆయన చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. "నన్ను కొట్టండి. కొడితే బాగుణ్ణు."

అప్పుడే కంపెనీ బస్సు దిగి డానీ గేట్లోంచి వచ్చాడు. ఒంటి మీద ఇంకా ఫ్యాక్టరీ చొక్కాయే ఉంది. గేటు దగ్గర నిలబడ్డ ఒకాయన వాడి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"కంగ్రాట్స్ కోచ్!"

డానీ నవ్వబోయాడు. ఎదురుగా మేనమామ కనిపించాడు. నవ్వు మొహం మీదే గడ్డకట్టింది.

"మావా... నాను నువ్వు ఒప్పుకుంటేనే అన్నాను. నాన్నా, మావని అడిగావా? అడిగావా లేదా?"

జాక్సన్ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పూజ అయ్యాక అడుగుదామనే..."

"అడిగినట్టేలే," అన్నాడు జాన్‌బాబు. ఆయన గొంతులో కోపం లేకపోవడం చూసి అందరూ ఇంకా బెదిరిపోయారు. ఆయన ముందు కనకరత్నం దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మంచే కోరినావు బాబూ. ఊరుకో." తర్వాత జాక్సన్ వైపు తిరిగాడు. "అయిదు గోల్స్ తిన్నోణ్ణి ఉంచుతారేటి? నానైనా తీసీద్దును. మీరు సేసింది తప్పు కాదు. రేత్రి ఇంటికొచ్చి సెప్పీసుంటే, ఆ ప్రార్థన నానే రాసిచ్చీవోణ్ణి."

అయిపోయిందనుకున్నారు అందరూ. కొండలరావు ఊపిరి వదిలాడు. అప్పుడు జాన్‌బాబు ఆడవాళ్లు నిలబడ్డ వైపు చూశాడు.

"రోజీ. నిన్న నాకు ఫోన్ సేసినావు."

"అవునన్నయ్యా."

"అప్పటికి నీకు తెలుసా?"

తెలియదని చెప్పవచ్చు. ఎవరూ కాదనరు. భర్త కళ్లతోనే 'తెల్దను' అంటున్నాడు. కానీ పక్కన ఆరోగ్యమ్మ ఉంది. బెంచీ మీద తన మొహం చూసింది.

"తెలుసన్నయ్యా."

జాన్‌బాబు తల ఊపాడు. "కందిపప్పులు, మినుములు అని ఎంత వాగినాను. అంతా యిన్నావు." ఆయన ప్రార్థనల పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు. "ఆళ్లు క్లబ్బోళ్లు. ఆళ్లకి గెలుపు కావాల. నీకేటి కావాలమ్మా?"

రోజలిన్ కొంగు భుజాల మీదికి లాక్కుంది.

ఆయన జవాబు కోసం ఎక్కువసేపు ఆగలేదు. డానీ భుజం పట్టుకున్నాడు. "పద గ్రౌండుకి. ఎవుడికి ఏ కాలు బలమో, ఎవుణ్ణి తిడితే ఆడతాడో, ఎవుణ్ణి తిడితే ఏడుస్తాడో నీకు సెప్పాలి."

"నాకొద్దు మావా. నాను సెయ్యను."

"పూజ అయిపోనాది. ఇంక వద్దనకూడదు."

ఇద్దరూ గేటు దాటి వెళ్లిపోయారు. ఆరోగ్యమ్మ వాళ్ల వెనకాలే నడిచింది. "వదినా," అని పిలిచింది రోజలిన్. ఆరోగ్యమ్మ ఆగింది గానీ వెనక్కి తిరగలేదు. "ఎండెక్కుతంది. ఇంటికెల్లు," అని నడిచింది.

జనం పలచబడ్డారు. జాక్సన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "తెల్దు అనీసుంటే సరిపోయీది కదే. ఎవుడడగొచ్చాడు నిన్ను?"

రోజలిన్ భర్త వైపు చూడలేదు. అన్నయ్య అడిగిన మాట దగ్గరే ఉండిపోయింది. నీకేటి కావాల? నిన్నటి నుంచి తను భయపడే చెప్పలేదనుకుంది. అన్నయ్య బాధపడతాడని చెప్పలేదనుకుంది. ఇప్పుడు నిన్న సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడ్డ తనను తనే చూసుకుంది. కనకరత్నం నోటి నుంచి 'డానీ' అన్న పేరు రాగానే అట్లకాడ ఆగింది నిజమే. ఆగి, ఆమె మొదట చేసిన పని కోప్పడటం కాదు. నవ్వుకోవడం. నా కొడుకు కోచ్ అవుతాడా అని, పొయ్యి వైపు తిరిగి, ఎవరికీ కనిపించకుండా నవ్వుకుంది. ఆ తర్వాతే అన్నయ్య గుర్తొచ్చాడు. ఆ తర్వాతే ముందుగదిలోకి వెళ్లి అరిచింది.

ఆమె చర్చి మెట్టు మీద కూర్చుంది.

"ఏటైనాది? లెగు," అన్నాడు జాక్సన్ కంగారుగా.

"మీరెల్లండి," అంది రోజలిన్. "నాకు కాసేపు ఇక్కడే ఉండాలనుంది."